పాటలో మాట వినపడాలి

(రావులపాలెంలో ఒక ఆదివారం సాయంత్రం కారు డ్రైవర్లు, మెకానిక్‌ల ముందు కార్ స్టీరియో మెకానిక్ ఒకరు చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరు దాదాపు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం అండి. రాత్రికి కిరాయి ఉండి కూడా గంటసేపు ఆగిన డ్రైవర్ అన్నలకు, షాపులు కట్టేసి వచ్చిన తోటి మెకానిక్‌లకు నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లూ, ముందుకు రండి. ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. చూపించాల్సినవి రెండు మూడు ఉన్నాయి, అంత దూరం నుంచి కనపడవు.

కార్లలో స్టీరియోలు బిగించడం నా పని. ఇరవై రెండేళ్ల నుంచి ఇదే. క్యాసెట్ ప్లేయర్లు విప్పి సీడీలు పెట్టాను, సీడీలు విప్పి పెన్‌డ్రైవ్ పెట్టేవి పెట్టాను, ఇప్పుడు ఆండ్రాయిడ్ స్క్రీన్లు పెడుతున్నాను. పెట్టెలు మారాయి గానీ షాపుకి వచ్చినవాళ్లు అడిగే మాట మారలేదు. "బాస్ రావట్లేదండి, కొంచెం పెంచి పెట్టండి."

నేను సీట్లో కూర్చుని ఈక్వలైజర్, అంటే ఒక్కో శ్రుతిని విడిగా పెంచే, తగ్గించే మీటలు, తెరిచి చూస్తాను. ఎవరి కారులో చూసినా దాదాపు ఒకటే బొమ్మ. ఎడమ వైపు గీతలు పైకి, కుడి వైపు గీతలు పైకి, మధ్యలోవి కిందికి. రెండు కొబ్బరిచెట్లకి కట్టిన ఉయ్యాలలా ఉంటుంది. ఎడమ వైపువి కింది శ్రుతులు, అదే బాస్, పెంచితే డప్పు దిమ్మంటుంది. కుడి వైపువి పై శ్రుతులు, అదే ట్రెబుల్, పెంచితే తాళం ఘల్లుమంటుంది. మొదటి పది నిమిషాలు బ్రహ్మాండంగా అనిపిస్తుంది. కానీ ఆ ఉయ్యాల కిందికి దిగిన చోట ఉన్నది ఎవరు? పాడేవాళ్లు. వాళ్ల గొంతుని కింద పడుకోబెట్టి, డప్పునీ తాళాన్నీ నెత్తిన పెట్టుకున్నాం.

ఈ సంగతి నాకు తెలిసేలా చెప్పింది ఒక పెద్దావిడ. అంబాజీపేట వైపు కొబ్బరి వ్యాపారం చేసే ఒకాయన కారు తెచ్చారు. బాస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్ సబ్‌వూఫర్, స్పీకర్లకి పవర్ ఇచ్చే ఆంప్లిఫయర్, నాలుగు డోర్ల స్పీకర్లు, అన్నీ నేనే బిగించాను. ఆయన ముందు సీట్లో కూర్చుని వాల్యూమ్ పెంచుకుని తృప్తిగా తల ఊపారు. వెనక సీట్లో వాళ్లమ్మగారు ఉన్నారు. పాట అయ్యేదాకా ఏమీ మాట్లాడలేదు. అయ్యాక నన్ను దగ్గరికి పిలిచి, "బాబూ, బిందెలో మూతి పెట్టి పాడుతున్నట్టుంది. ఏం పాడాడో ఒక్క ముక్క తెలియలేదు" అన్నారు. కొడుకు "అమ్మకి ఈ మధ్య సరిగా వినపడట్లేదులెండి" అన్నారు. నేనూ అవునని తల ఊపి డబ్బులు తీసుకున్నాను.

రాత్రి షాపు కట్టేముందు ఆ మాట మనసులో మెదిలింది. నా కారులో కూడా అవే సెట్టింగులు పెట్టి, అదే పాట వేసి, వెనక సీట్లో కూర్చున్నాను. కాగితం, పెన్ను తీసుకుని పాట మాటలు రాయడానికి చూశాను. పల్లవి తెలిసిందే కాబట్టి రాశాను. చరణాల్లో సగం పదాలు పట్టుకోలేకపోయాను. ఆవిడ చెవులు బాగానే ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే ఆయనకి ఫోన్ చేసి కారు మళ్లీ తెప్పించాను.

అప్పటి నుంచి నా కొలత ఒకటే. పాటలో మాట వినపడాలి. అది వినపడ్డాక బాస్ సంగతి చూస్తాను.

ఆవిడ బిందె అన్నారు చూశారా, ఆ మాట అక్షరాలా నిజం. అందుకే ఇది తెచ్చాను. (స్టీలు బిందె చేతిలోకి తీసుకున్నారు.) ఖాళీ బిందె. దీని మూతి దగ్గర "ఊ" అంటూ కింది శ్రుతి నుంచి మెల్లగా పైకి వెళ్తాను, వినండి. (పాడి చూపించారు.) ఒక చోట బిందె తనంతట తానే మోగింది, విన్నారా? అక్కడ నేను గొంతు పెంచలేదు. ఇప్పుడు సగం దాకా నీళ్లు పొయ్యండి తమ్ముడూ. మళ్లీ "ఊ" అంటాను. మోగే చోటు పైకి జరిగింది. కుళాయి కింద బిందె పెట్టి పక్కకి వెళ్లినా, నిండబోతోందని చెవికి ఎలా తెలుస్తుంది? ఇందుకే. లోపల గాలి తగ్గేకొద్దీ శ్రుతి పెరుగుతుంది.

కారు కూడా ఒక బిందే. అద్దాలు ఎక్కించాక చుట్టూ రేకు, అద్దం, ప్లాస్టిక్, మధ్యలో గాలి. దానికీ తనకంటూ మోగే శ్రుతులు కొన్ని ఉంటాయి. పాటలో ఆ శ్రుతి వచ్చినప్పుడల్లా కారు తన వంతు కలిపేస్తుంది. అలా కలిపినదాన్ని తీసెయ్యడానికే ఈక్వలైజర్ ఉంది. ఈక్వలైజ్ అంటే సమం చెయ్యడం. వెనకటి రోజుల్లో టెలిఫోన్ తీగల్లో దూరం వెళ్లేకొద్దీ పై శ్రుతులు నీరసించిపోయేవి. వాటిని సమం చెయ్యడానికి ఇంజనీర్లు వాడిన సర్క్యూట్‌కి పెట్టిన పేరు అది. మనం దాన్ని తెచ్చుకుని అన్నీ పెంచే మీట చేసుకున్నాం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీలో ఎవరైనా ఈ మాటలు నాతోపాటు పైకి అనండి. కాలు. పాలు. చాలు. వాలు. ఈ నాలుగు మాటల్లో తేడా ఎక్కడుంది? "ఆలు" అన్న భాగం నాలుగింటికీ ఒకటే. మొదట వచ్చే చిన్న చప్పుడు ఒక్కటే వేరు. పెదాలు విడిపోతే పాలు, నాలుక అంగిటికి తగిలి విడిపోతే చాలు. ఆ చప్పుడు కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది. శబ్దం బలమంతా "ఆ"లో ఉంటుంది, అర్థం మాత్రం ముందున్న ఆ కాస్త చప్పుడులో ఉంటుంది. అచ్చుల్లో బలం, హల్లుల్లో అర్థం.

శబ్దం శ్రుతిని హెర్ట్జ్‌లో కొలుస్తాం. సెకనుకి ఎన్నిసార్లు కదిలితే అన్ని హెర్ట్జ్. మనిషి చెవికి 20 నుంచి 20,000 దాకా వినపడుతుందంటారు. వయసు పెరిగేకొద్దీ పై అంకె దిగిపోతుంది. మగవాళ్ల మాట సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య మొదలవుతుంది, ఆడవాళ్లది 165 నుంచి 255 మధ్య. ఇది మూలం. అచ్చులన్నీ దీనిమీద, వెయ్యీ రెండు వేల దాకా నిలబడతాయి. హల్లులని గుర్తుపట్టేది ముఖ్యంగా 2,000 నుంచి 4,000 మధ్య. స, శ, ష అనే గాలి అక్షరాలు ఇంకా పైన, 5,000 నుంచి 8,000 దగ్గర.

పాత ల్యాండ్ ఫోన్ గుర్తుందా? దానిలో 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే పంపేవారు. మాట అర్థమయ్యేది, కానీ బండి నంబరు చెప్పేటప్పుడు ఎస్ అన్నారో ఎఫ్ అన్నారో తెలిసేది కాదు. రెండుసార్లు అడిగేవాళ్లం. గాలి అక్షరాలు ఆ తీగలో పట్టేవి కావు, అందుకు.

ఇప్పుడు మన ఉయ్యాల బొమ్మ దగ్గరికి రండి. మధ్యలో దింపేసిన ఆ మీటలు ఏవి? 1,000, 2,500. అచ్చుల పై భాగం, హల్లులు ఉండే చోటు. ఎడమ వైపు పెంచిన 60, 125 ఏం చేస్తున్నాయి? అచ్చుల కింద ఇంకో దుప్పటి పరుస్తున్నాయి. బలమైన కింది శబ్దం దానికన్నా పైనున్న బలహీనమైన శబ్దాన్ని కప్పేస్తుంది. చెవి తీరే అంత. పెద్దావిడకి పాట తెలియకపోవడానికి ఇంతకుమించి కారణం లేదు.

మరి అందరూ బాస్ ఎందుకు అడుగుతున్నారు? అడగడంలో తప్పు లేదండి. రెండు కారణాలున్నాయి. ఒకటి, చిన్న వాల్యూమ్‌లో మనిషి చెవికి కింది శ్రుతులు తక్కువగా వినపడతాయి. 1933లో అమెరికాలో బెల్ లాబ్స్‌లో పనిచేసిన ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి గీతలు గీశారు. మీ స్టీరియోలో లౌడ్‌నెస్ అని ఉండే బటన్‌కి మూలం అదే. రాత్రిపూట మెల్లగా వినేటప్పుడు దాన్ని వాడండి, బాగుంటుంది. వాల్యూమ్ పెంచాక దాని పని అయిపోతుంది, తీసెయ్యాలి. చాలామంది అది పెట్టుకునే వాల్యూమ్ పెంచుతారు.

రెండో కారణం రోడ్డు. ఇక్కడి నుంచి తణుకు వైపు హైవే మీద ఎనభై, తొంభైలో వెళ్తున్నప్పుడు టైర్ల రొద అంతా కింది శ్రుతుల్లో ఉంటుంది. అది పాటలో బాస్‌ని మింగేస్తుంది. మనం బాస్ పెంచుతాం. టీ కోసం బండి ఆపగానే డోర్లు దడదడలాడతాయి. అంటే రోడ్డు మీద సరిపోయినది ఆగినప్పుడు ఎక్కువైపోతుంది. అందుకని నేనెప్పుడూ ఆగిన కారులో సెట్టింగ్ ముగించను. కాలువ గట్టు రోడ్డు మీద ఒకసారి, హైవే మీద ఒకసారి తిప్పి, రెంటికీ మధ్యలో పెడతాను. కొన్ని కార్లలో వేగాన్ని బట్టి వాల్యూమ్ తానే పెరిగే ఏర్పాటు ఉంటుంది. దాన్ని తక్కువలో పెట్టి వదిలెయ్యండి, అది మంచి పని చేస్తుంది.

డోరు గురించి కొంచెం ఎక్కువసేపు చెబుతాను. ఎందుకంటే మన ప్రాంతంలో ఈక్వలైజర్‌తో సరిచెయ్యాలని చూసే జబ్బుల్లో చాలా వరకు డోరు జబ్బులే.

స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ కదిలే గరాటు లాంటి కోన్ ముందుకి ఎంత గాలి తోస్తుందో వెనక్కీ అంతే తోస్తుంది. వెనక గాలి ముందుకి వచ్చి కలిస్తే రెండూ కొట్టుకుపోతాయి, బాస్ పోతుంది. డోరు లోపలి రేకులో పెద్ద పెద్ద రంధ్రాలుంటాయి. వాటి మీద కంపెనీ అంటించిన పల్చటి ప్లాస్టిక్ కాగితం ఉంటుంది. పవర్ విండో రిపేరుకి విప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు దాన్ని చింపి పడేస్తారు. తరవాత "బాస్ తగ్గిందండి" అని మన దగ్గరికి వస్తారు. మనం 60 హెర్ట్జ్ పెంచుతాం. ఆ కాగితం మళ్లీ సరిగా అంటిస్తే చాలు. ఇంకా డబ్బు పెట్టగలిగితే బ్యుటైల్ అనే రబ్బరు షీట్ అంటించండి. రేకు మోగడం ఆగుతుంది, రంధ్రాలూ మూసుకుంటాయి. రోడ్డు రొద కూడా కొంత తగ్గుతుంది.

రాజోలు నుంచి ఒక కుర్రాడు కారు తెచ్చాడు. డోరు పానెల్ విప్పితే లోపల కొబ్బరి పీచు దట్టంగా కూరి ఉంది. మన దగ్గర దొరికేదే కదా, చప్పుడు పీల్చుకుంటుందని ఎవరో చెప్పారట. ఆలోచన మంచిదే. కానీ కారు డోరులోకి వాన నీరు దిగుతుంది. అద్దం పక్క రబ్బరు దాటి దిగి, అడుగున ఉండే చిన్న కన్నాల్లోంచి పోతుంది. ఆ పీచు కన్నాలని మూసేసింది, నీళ్లు పట్టి ఉంచింది. నేను వేళ్లు పెట్టి లాగితే ముద్దగా, నల్లగా, బురద వాసనతో వచ్చింది. దాని వెనక రేకు పొరలు పొరలుగా చేతికి ఊడొచ్చింది. స్పీకర్ అయస్కాంతం చుట్టూ ఎర్రటి తుప్పు. స్క్రూ తిప్పబోతే తల విరిగి కింద పడింది. సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పు గాలికి ఇది ఇంకా తొందరగా అవుతుంది. అడుగు కన్నాలు ఎప్పుడూ మూయకండి. పీచు గానీ, స్పాంజి గానీ, గుడ్డ గానీ నీళ్లు పట్టుకునేది ఏదీ డోరులో పెట్టకండి.

డోరు మీద చెయ్యి పెట్టి చూడండి. పాట వస్తున్నప్పుడు అరచేతికి వణుకు తెలుస్తోందా? తెలిస్తే ఆ చోట ఏదో వదులుగా ఉంది. క్లిప్పులు విరిగి ఉంటాయి, వైరు రేకుకి కొట్టుకుంటూ ఉంటుంది. చిన్న ఫెల్టు ముక్క చాలు. నెంబరు ప్లేటు, డాష్‌బోర్డు మీద పెట్టిన దేవుడి బొమ్మ, సైడు అరలో చిల్లర, ఇవి కూడా చూసుకోండి.

ఇప్పుడు నా పొరపాటు ఒకటి చెప్పాలి. దానివల్ల ఒకాయన డబ్బులు పోయాయి, నాకు ఇప్పటికీ బాధే. ముందు రెండు స్పీకర్లలో ఒకదానికి ప్లస్, మైనస్ తిరగేసి బిగించాను. ఒక కోన్ ముందుకి వస్తుంటే రెండోది వెనక్కి పోతోంది. ఒకటి తోసిన గాలిని రెండోది లాగేసుకుంటుంది. బాస్ లేదు, గొంతు ఎటు నుంచి వస్తోందో తెలియదు. ఆయన రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ నేను వైరు చూడకుండా బాస్ పెంచాను. రెండు వారాలకి ఒక స్పీకర్ కాలిపోయింది. విప్పితే కోన్‌ని కదిపే తీగచుట్ట, కాయిల్, నల్లగా మాడి ఉంది. కొత్తది నా ఖర్చుతోనే వేశాను, కానీ ఆయన రెండు రోజుల కిరాయి పోయింది.

దీన్ని పట్టుకోవడానికి కావాల్సింది ఇదిగో, గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల పెన్సిల్ సెల్. స్టీరియో నుంచి వైర్లు విప్పి, స్పీకర్ ప్లస్‌కి సెల్ ప్లస్, మైనస్‌కి మైనస్ ఒక్క క్షణం తాకించండి. (బల్ల మీద స్పీకర్‌తో చూపించారు.) టక్ మని కోన్ బయటికి వచ్చింది. వైర్లు తిప్పి తాకిస్తున్నాను. లోపలికి పోయింది. నాలుగు డోర్లూ రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఆ స్పీకర్ ఎందుకు కాలింది? డెసిబెల్ లెక్క తెలియక. డెసిబెల్ అంటే శబ్దం బలానికి కొలత. ఇది మెకానిక్ తమ్ముళ్లు రాసుకోండి. 3 డెసిబెల్స్ పెంచితే ఆంప్లిఫయర్ రెండింతలు పవర్ ఇవ్వాలి. 6 పెంచితే నాలుగింతలు. 12 పెంచితే పదహారింతలు. బాస్ మీట చివరిదాకా తోస్తే చాలా స్టీరియోల్లో 12 ఉంటుంది. స్టీరియో డబ్బా మీద 50 వాట్లు ఇంటూ 4 అని రాసి ఉంటుంది. కారు బ్యాటరీ వోల్టేజీతో నేరుగా నడిచే ఆ చిప్ ఒక్కో స్పీకర్‌కి శుభ్రంగా ఇచ్చేది ఇరవై వాట్లకి అటూ ఇటుగానే. వాల్యూమ్ సగంలో అది రెండు వాట్లు ఇస్తోంది అనుకోండి. బాస్ 12 పెంచితే ముప్పై రెండు అడుగుతుంది. అంత లేదు. లేనప్పుడు అలల తలలు నరికేసి ఇస్తుంది. దాన్నే క్లిప్పింగ్ అంటాం. గరగరమంటుంది, కాయిల్ వేడెక్కుతుంది, చివరికి స్పీకర్ పోతుంది. ముందుగా పోయేది ఎక్కువగా పై శ్రుతుల కోసం పెట్టే చిన్న స్పీకర్లు, ట్వీటర్లే.

వేరే ఆంప్లిఫయర్ బిగించేవాళ్లకి ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, స్టీరియో ఇచ్చినదాన్ని ఆంప్ ఎన్నింతలు చెయ్యాలో చెప్పే మీట. ఆంప్ నుంచి 4 ఓమ్స్ స్పీకర్‌కి 50 వాట్లు కావాలంటే, 50ని 4తో గుణిస్తే 200, దాని వర్గమూలం సుమారు 14.1. స్పీకర్ వైర్లు విప్పి, ఈక్వలైజర్ సున్నాలో పెట్టి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతులో ఉంచి, టెస్ట్ టోన్ వేసి, మల్టీమీటర్ ఏసీ వోల్టుల్లో 14.1 వచ్చేదాకా గెయిన్ తిప్పండి. ఆపెయ్యండి. బ్యాటరీ దగ్గర ప్లస్ వైరుకి జానెడు, రెండు జానల లోపే ఫ్యూజు పెట్టండి. ఫ్యూజు లేకుండా ఇంటికి పంపించకండి, కారు అంటుకుంటుంది.

సరే, ఇప్పుడు సెట్టింగ్. నేను చేసే వరస ఇది.

ముందు అన్నీ ఆపెయ్యాలి. ఫోన్‌లో ఈక్వలైజర్, డాల్బీ లాంటివి. పాటల యాప్‌లో ఈక్వలైజర్. స్టీరియోలో రాక్, పాప్, జాజ్ అని ఉండేవి, బాస్ బూస్ట్, లౌడ్‌నెస్. ఒకటి మీద ఒకటి మూడు చోట్ల పెంచి ఉంటాయి, ఎక్కడ చెడిందో ఎవరికీ తెలియదు. ఫోన్ వాల్యూమ్ నిండుగా గానీ ఒక మెట్టు తక్కువగా గానీ పెట్టి, ఇకనుంచి స్టీరియోతోనే తిప్పండి.

తరవాత హై పాస్ ఫిల్టర్. సబ్‌వూఫర్ ఉన్న కారులో డోరు స్పీకర్లకి 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. అంతకు కింది శ్రుతులు వాటికి పోవు. ఆరంగుళాల స్పీకర్ మొయ్యలేని బరువు దించినట్టు. సబ్‌కి పై శ్రుతులు ఆపే లో పాస్ కూడా 80 దగ్గరే. ఈ ఒక్కటి చేస్తే గొంతు ఎంత తేటపడుతుందో మీరే చూస్తారు. సబ్ లేకపోతే 50, 60 దగ్గర పెట్టుకోండి. సబ్ వాల్యూమ్ ఎంత ఉండాలంటే, డిక్కీలో డబ్బా ఉందని తెలియకూడదు. డప్పు ముందు నుంచి మోగుతున్నట్టు ఉండాలి.

తరవాత బ్యాలెన్స్. మన కార్లలో డ్రైవర్ కుడి వైపు. కుడి డోరు స్పీకర్ మోకాలి పక్కనే, ఎడమది అవతల. శబ్దం మన వేడిలో సెకనుకి దాదాపు 350 మీటర్లు వెళ్తుంది. అంటే 35 సెంటీమీటర్లకి ఒక మిల్లీసెకను. కుడి స్పీకర్ మీకు 50 సెంటీమీటర్లు దగ్గరైతే దాని పాట ఒకటిన్నర మిల్లీసెకన్లు ముందు చేరుతుంది. అంత చిన్న తేడాకే మన చెవి "పాట కుడి వైపు నుంచి వస్తోంది" అని తీర్మానం చేసేస్తుంది. ముందు చేరిన శబ్దానిదే దిక్కు. మీ స్టీరియోలో దగ్గరి స్పీకర్‌ని కాస్త ఆలస్యం చేసే టైమ్ అలైన్‌మెంట్ ఉంటే, టేపు పెట్టి తలకి ఒక్కో స్పీకర్ ఎంత దూరమో కొలిచి అంకెలు వెయ్యండి. గాయకుడు స్టీరింగ్ ఎదురుగా వచ్చి నిలబడతాడు. అది లేకపోతే బ్యాలెన్స్ ఎడమకి రెండు మూడు మెట్లు జరపండి. వెనక సీట్లో ప్రయాణికులు ఉండే టాక్సీకి మాత్రం మధ్యలోనే ఉంచండి. వాళ్లూ వినాలి కదా.

ఇక మీటలు. బాగా తెలిసిన మూడు పాటలు పెట్టుకోండి. నేను మొదటిది ఎప్పుడూ బాలమురళి గారిదే పెడతాను. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు 1930లో పుట్టింది మన శంకరగుప్తంలోనే. ఆ గొంతు మంద్రంలోకి దిగుతుంది, అక్కడి నుంచి తారస్థాయికి ఎక్కుతుంది, ఎక్కడా ఒక్క అక్షరం నలగదు. కిందికి దిగినప్పుడు కొన్ని స్వరాలు మాత్రం ఉబ్బినట్టు వస్తే 125, 250 దగ్గర కారు కలుపుతోందన్నమాట. ఆ మీట మూడు డెసిబెల్స్ దించండి. మళ్లీ వినండి. ఆయన అన్ని స్వరాలూ ఒకే బరువుతో పలుకుతారు. కారులో ఏదైనా బరువెక్కితే అది కారు బరువే.

రెండోది పెళ్లి సన్నాయి, డోలు. సన్నాయి చెవిలో గుచ్చుకుంటే 2,500 నుంచి 4,000 మధ్య ఒకటి రెండు డెసిబెల్స్ ఎక్కువైంది. జాగ్రత్త, హల్లులున్న చోటు కూడా అదే, చెవి బాగా చురుగ్గా ఉండే చోటు కూడా అదే. ఒక్కొక్క మెట్టే దించండి. మూడోది మీకు ఇష్టమైన కొత్త పాట ఏదైనా. "స", "శ" వచ్చినప్పుడు బుస్సుమంటే 6,000 దించండి. ముక్కుతో పాడినట్టుంటే 1,000. బిందెలా ఉంటే 250, 400.

ఏది తప్పో తెలియకపోతే ఒక మీటని కావాలని బాగా పెంచి చూడండి. జబ్బు ఎక్కువైతే అదే మీట. దాన్ని సున్నాకి తెచ్చి, ఇంకొంచెం దించండి. అన్ని మీటలూ దించేశాక శబ్దం తగ్గిందనిపిస్తే వాల్యూమ్ పెంచుకోండి. దానికి ఆంప్‌లో చోటు మిగిలే ఉంటుంది. మూడు డెసిబెల్స్‌కి మించి ఏ మీటా పెంచకండి. ఏదైనా అంతకన్నా పెంచాలనిపిస్తే వైరో, డోరో చూడండి. ఏసీ ఎప్పుడూ ఎంతలో పెడతారో అంతలోనే పెట్టుకుని ఇదంతా చెయ్యండి. బ్లోయర్ రొద కూడా లెక్కలో ఉండాలి.

హాల్, స్టేడియం, చర్చ్, 3డి అనే ఎఫెక్ట్‌ల గురించి అడుగుతారు. అవి గొంతుకి ప్రతిధ్వని కలుపుతాయి. పాట రికార్డు చేసినవాళ్లు ఎంత ప్రతిధ్వని కావాలో అంత ముందే కలిపారు. దాని మీద మనం ఇంకోటి కలిపితే హల్లులు ఒకదాని మీద ఒకటి పడతాయి. పిల్లలు సరదాగా వింటామంటే పెట్టండి, మళ్లీ తీసెయ్యండి.

చెవుల గురించి ఒక్క నిమిషం. అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలు హద్దు. 3 పెరిగిన ప్రతిసారీ టైమ్ సగం. 88లో 4 గంటలు, 94లో గంట, 100లో పావుగంట. డ్రైవర్ అన్నలు రోజుకి పది, పన్నెండు గంటలు కారులోనే ఉంటారు. దిగాక చెవిలో గుయ్యిమంటే ఆ రోజు చెవికి దెబ్బ తగిలినట్టే. గట్టు రోడ్ల మీద మలుపులో ఎదురొచ్చే లారీ హారన్ వినపడేంత వాల్యూమే పెట్టుకోండి అన్నా. మీ ఇంట్లో వాళ్లు ఎదురుచూస్తుంటారు.

ఏమైనా అడగాలంటే అడగండి.

(సభలోంచి ఒక డ్రైవర్: "ఆయ్, సబ్బూ ఆంపూ కొనే స్తోమత లేదండి. కంపెనీ స్టీరియోనే. దానికి చేసేదేమైనా ఉందా?")

ఉందండి, చాలా ఉంది. మీ స్టీరియోలో బాస్, మిడ్, ట్రెబుల్ మూడే ఉంటాయి కదా. బాస్ సున్నా గానీ ఒకటి గానీ. మిడ్ ఎప్పుడూ సున్నాకి కింద పెట్టకండి, ఒకటి పెంచినా పర్వాలేదు. ట్రెబుల్ ఒకటి. తరవాత డోరు పానెల్ విప్పించి ఆ ప్లాస్టిక్ కాగితం సరిగా అంటించండి, సెల్‌తో ప్లస్, మైనస్ చూడండి. దీనికి మీకయ్యేది టేపు, సెల్ ఖర్చు. షాపుకి తెస్తే నేనే చూపిస్తాను, కూలి అక్కర్లేదు.

(ఒక పెద్దాయన: "పాత పాటలు పెడితే పల్చగా వస్తున్నాయి బాబూ. బాస్ ఎంత పెంచినా రావట్లేదు.")

రాదండి బాబాయ్‌గారూ, అందులో లేదు కనుక. ఆ రోజుల్లో మోనోలో, అంటే కుడీ ఎడమా తేడా లేకుండా ఒకే ధారగా, సినిమా హాలు సౌండ్‌కి తగ్గట్టు చేశారు. అడుగు బాస్ గానీ పైన ఘల్లుమనడం గానీ రికార్డులోకి పెద్దగా ఎక్కలేదు. మీరు 60 పెంచితే పెరిగేది అడుగున ఉన్న గుర్రుమనే రొద. 10,000 పెంచితే పెరిగేది బుసబుస. ఆ రెండూ దించేసి, మధ్యలో అలా వదిలెయ్యండి. అందులో ఉన్నదంతా అక్కడే ఉంది. గొంతు ఎదురుగా కూర్చున్నట్టు వస్తుంది. విజయవాడ రేడియోలో భక్తిరంజని విన్నప్పుడు మనకి బాస్ ఉందా? ఒక్కొక్క మాటా నోటికి వచ్చేసింది కదా.

మీ కారు తెచ్చారా బాబాయ్‌గారూ? బయట ఉన్న ఆ తెల్ల కారేనా? తాళం ఇవ్వండి. తమ్ముడూ, ఆ సెల్, టేపు పట్టుకురా. మీరు వెనక సీట్లో కూర్చోండి, నేను ముందు కూర్చుంటాను. ఏ మాట తెలియకపోయినా అక్కడే ఆపమనండి.